గీత మీదికి రాని చుక్కలు

మోరాయో నాతో అన్న మొదటి మాట, "బూట్లు బయట."

రెండో మాట, "తలకి టోపీ ఏది?"

మూడో మాట దాకా నేను ఆగలేదు. నేనెవరో చెప్పేశాను. పేరు అకిన్‌డెలె, అబెయోకుటా యూనివర్సిటీలో పీహెచ్‌డీ మూడో ఏడు, గాలిలో కొట్టుకుపోయే రేణువుల మీద కంప్యూటర్ మోడలింగ్. అంతా ఒక్క గుక్కలో చెప్పి, ఇప్పుడైనా కుర్చీ వేస్తుందేమోనని చూశాను.

"మంచిది. మీ కంప్యూటర్‌కి కూడా టోపీ పెట్టండి. పిండి పడుతుంది," అంది.

ఒడెడా దారిలో ఉన్న ఆ కర్రపెండలం పిండి మిల్లు నలభై మంది ఆడవాళ్ళ సంఘానిది. వాళ్ళు దుంపని తురిమి, మోటారుతో తిరిగే జాకీ కింద పెట్టి నీళ్ళు పోయేదాకా నొక్కి, ఆ ముద్దని చిదిమి వేడిగాలి గొట్టంలో వేస్తారు. గాలి దాన్ని రెండంతస్తుల ఎత్తుకి లేపుకుపోతూ దారిలోనే ఆరబెడుతుంది. పైకి చేరేసరికి పొడి పిండి.

నా పనల్లా ఆ గొట్టంలో గాలి ఒక్కో రేణువునీ ఎంత బలంగా ఈడ్చుకుపోతుందో లెక్క కట్టడం. మా భాషలో దాని పేరు డ్రాగ్. ఆ లెక్క కుదిరితే ఏ మిల్లుకి ఎంత గాలి చాలో, ఎంత డీజిల్ కాల్చాలో గొట్టం కట్టకముందే చెప్పొచ్చు. వినడానికి చిన్న పనే. నా మూడేళ్ళు మింగింది.

లాప్‌టాప్ తెరిచి మోరాయోకి నా సిమ్యులేషన్ చూపించాను. తెర మీద నీలం గొట్టం, అందులో ఎర్ర చుక్కలు బుడబుడా పైకి పోతున్నాయి. దాన్ని చూసి అబ్బురపడని మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

"ఇది మా పిండా?" అంది.

"మీ పిండే."

"గుండ్రంగా ఉందేం?"

"లెక్కకి సులువని గుండ్రం అనుకుంటాం."

"అన్నీ ఒకే సైజా?"

"దాదాపు."

"ఒకదాన్నొకటి అంటుకోవా?"

"అంటుకోవు. దేని దారి దానిదే."

ఆమె కాసేపు ఆ చుక్కల్ని చూసింది. "పాపం," అని లేచి వెళ్ళిపోయింది.

ఆ 'పాపం' చుక్కల్ని చూసి అందో నన్ను చూసి అందో ఆ రోజు నాకు తేలలేదు.

గొట్టం పొడవునా ఐదుచోట్ల చిల్లులు పెట్టి గాలి ఒత్తిడి చూపే గేజీలు బిగించాను. ఒక్కో చిల్లు వేస్తుంటే మోరాయో పక్కనే నిలబడి, డాక్టరు సూది వేస్తుంటే పిల్ల తల్లి పెట్టే ముఖం పెట్టింది. మిల్లు బాధ్యతంతా ఆమెదే. పాలిటెక్నిక్‌లో ఫుడ్ టెక్నాలజీ డిప్లొమా చేసింది. తేమ పరీక్ష చేసి ఆమె సంతకం పెడితే తప్ప ఒక్క బస్తా గేటు దాటదు.

వారానికి మూడు రోజులు నేను వచ్చి రీడింగులు రాసుకునేవాణ్ణి. మిగతా రోజుల్లో ఆమె ఒక నోట్‌బుక్‌లో రాసి, సాయంత్రం ఫోన్‌లో అంకెలు చెప్పేది. నేను వాటిని కంప్యూటర్‌లో ఎక్కించేవాణ్ణి. అంకెలు చెప్పడానికి ఒక నిమిషం చాలు. మా ఫోన్ నలభై నిమిషాలు నడిచేది.

"రాసుకున్నారా?"

"రాసుకున్నాను."

"అయితే పెట్టేస్తాను."

"పెట్టేయండి."

"మీరే పెట్టేయండి, ఫోన్ చేసింది మీరు కదా."

"బిల్లు నాదే కదా, మీకెందుకు తొందర?"

"తొందరేం లేదు. అమ్మ పిలుస్తోంది." వాళ్ళమ్మ పిలిచిన చప్పుడు నాకు ఒక్కసారి కూడా వినపడలేదు.

జూన్‌లో వానలు పట్టుకున్నాయి. ఆ రేకుల కప్పు మీద వాన మొదలైతే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. మోరాయో నిచ్చెన మీద నిలబడి గేజీ చూసి అంకెలు వేళ్ళతో చూపించేది. నేను కింద నిలబడి రాసుకునేవాణ్ణి. ఎనిమిది చూపించడానికి రెండు చేతులూ కావాలి, నిచ్చెన పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. ఎనిమిది వచ్చినప్పుడల్లా నా గుండె జారేది. ఆమె పడుతుందనే భయమే అనుకునేవాణ్ణి మొదట్లో.

మిల్లులో ఆడవాళ్ళకి నాకంటే ముందే తెలిసిపోయింది. "ఇంజనీరూ, మా గొట్టానికి జబ్బు నయమైందా? ఇంకెన్నాళ్ళు వస్తావు?" అని ఒకామె అడిగేది. "గొట్టానికి నయమైతే మాత్రం మానతాడా?" అని ఇంకొకామె. మోరాయో వినపడనట్టు తేమ మీటరు తుడుచుకునేది. తుడిచిందే తుడిచేది.

జూలై మొదటివారానికి అరవై రీడింగులు చేతికొచ్చాయి. గ్రాఫు గీశాను. గీత నా మోడల్‌ది, చుక్కలు మిల్లువి. యాభై ఏడు చుక్కలు గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. మూడు మాత్రం ఎక్కడో పైన, చెప్పినమాట వినని పిల్లల్లా నిలబడి ఉన్నాయి. గొట్టం అడుగున ఒత్తిడి నేను లెక్కగట్టినదానికి రెట్టింపు చూపిస్తున్నాయి.

ఆ మూడూ నేను మిల్లుకి వెళ్ళని రోజులవి. మూడూ ఫోన్‌లో వచ్చినవి.

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పుకోవాలి. మా దేశంలో యూనివర్సిటీ డిగ్రీ ఉన్నవాడు పాలిటెక్నిక్ డిప్లొమా ఉన్నవాళ్ళని చూసే చూపు ఒకటుంది. పైకి అనడు, కాగితం మీద చూపిస్తాడు. నాకు అలాంటి చూపు లేదనుకునేవాణ్ణి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, నా మోడల్ తప్పయి ఉండొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. వానలో నిచ్చెన ఎక్కడం బద్ధకించి కూర్చున్నచోటే ఏదో అంకె వేసి ఉంటుందనుకున్నాను. థీసిస్ డెబ్భై ఒకటో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాశాను: 'ఈ మూడు రీడింగులు శిక్షణ లేని ఆపరేటర్ నమోదు చేసినవి. విశ్వసనీయం కానందున తొలగించడమైనది.'

మా ప్రొఫెసర్ ఫాగ్బెమి చదివి పక్కన ఎర్రసిరాతో టిక్కు పెట్టారు.

ఆ వాక్యం రాసి మర్చిపోయాను. మర్చిపోబట్టే ఆ చాప్టర్ అచ్చు తీసి, మురిసిపోతూ మోరాయోకి తీసుకెళ్ళి ఇచ్చాను. మొదటి పేజీలో ఆమెకి కృతజ్ఞతలు చెప్పాను మరి. అది చూసి నవ్వుతుందని, ఆ నవ్వు చూసి నేను చెప్పవలసిన మాట చెప్పేద్దామని.

ఆమె మొదటి పేజీ చూసి నవ్వింది కూడా. కానీ అక్కడితో ఆగలేదు. పిండి బస్తా మీద కూర్చుని పేజీ తర్వాత పేజీ చదువుతూ పోయింది.

"శిక్షణ లేని ఆపరేటర్ ఎవరండీ?" అంది తలెత్తకుండా.

నేను వంగి ఆమె చేతిలోని పేజీ నంబరు చూశాను. డెబ్భై ఒకటి.

"పేరు రాయలేదు. ఈ మిల్లులో మీకు అంకెలు చెప్పింది నేనొక్కదాన్నే కదా?"

"అది థీసిస్‌లో మామూలుగా రాసే పద్ధతి, మోరాయో గారూ. అరవైలో మూడు చుక్కలే..."

"మూడు చుక్కలు కాదు, మూడు రోజులు. తడిసిన నిచ్చెనెక్కి చూసొచ్చిన రోజులు." అప్పుడు తలెత్తింది. "బిస్కెట్ల ఫ్యాక్టరీ వాళ్ళు మా బస్తా విప్పి చూడరు. నా సంతకం చూసి తీసుకుంటారు. ఈ నలభై మంది బతుకూ ఆ సంతకం మీద ఉంది. మోరాయో దొంగ అంకె వేస్తుందని మీరు అచ్చేశారు. రేపు ఇది వాళ్ళ కంటబడితే?"

"నా థీసిస్ ఎవరూ చదవరండీ," అన్నాను. నిజమే అన్నాను గానీ అనవలసిన మాట కాదు.

"నేను చదివాను కదా," అంది.

లోపలికెళ్ళి రీడింగుల నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది కూడా పట్టుకెళ్ళండి. మీ గేజీలు రేపు విప్పించి పంపిస్తాను. మీరు మళ్ళీ రావద్దు."

వెనకనున్న ఆడవాళ్ళలో ఒక్కరూ వేళాకోళం ఆడలేదు. నేను బూట్లు తొడుక్కుని వచ్చేశాను.

థీసిస్ ఇవ్వడానికి గడువు ఇంకా పదకొండు రోజులుంది. గడువులోగా ఇస్తే డిపార్ట్‌మెంట్‌లో లెక్చరర్ ఉద్యోగం నాది. లేకపోతే ఇంకో ఏడాది ఆగాలి, ఆ ఖాళీ మాత్రం నాకోసం ఆగదు. చేతిలో పూర్తయిన థీసిస్ ఉంది. దాని మీద ప్రొఫెసర్ టిక్కు కూడా ఉంది. అయినా రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

మూడో రోజు పొద్దున ఆ నోట్‌బుక్ తెరిచాను. అది నా చేతికి రావడం అదే మొదటిసారి. అప్పటిదాకా నాకు అందులోంచి అంకెలే వినిపించాయి.

ఆ మూడు తేదీల పక్కనా అంచులో చిన్నగా రాసి ఉంది. 'వాన. కరెంటు పోయింది. జాకీ చేత్తో ఒక్కసారే బిగించాం. పిడికిలి పట్టి చూస్తే ముద్ద విడలేదు.' రెండోదాని పక్కన: 'మళ్ళీ అంతే. ఇంజనీరు గారికి చెప్పాలి.' మూడోదాని పక్కన: 'చెప్పబోయాను. వేరే మాటల్లో పడ్డాం.'

ఆ చివరి వాక్యం ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. నలభై నిమిషాల ఫోన్లలో అన్నీ మాట్లాడుకున్నాం, నాకు కావలసిన ఒక్క ముక్క తప్ప.

మిల్లులో ఎవరైనా గొట్టంలో ముద్ద వేసేముందు ఒక పిడికెడు గట్టిగా నొక్కి వదులుతారు. విడిపోయి రాలితే ఆరింది, ఉండలా నిలిస్తే తడి ఉంది. నెలన్నర రోజులు నా కళ్ళముందే చేశారు. అలవాటుగా చేసే పని అనుకున్నాను. అదే వాళ్ళ గేజీ అని తోచలేదు.

తడి ముద్ద గొట్టంలో పడితే ఏమవుతుంది? రేణువులు విడివిడిగా ఉంటే గాలి ఒక్కోదాన్నీ పట్టి లేపుకుపోతుంది. ఉండకట్టి గుంపుగా ఉంటే గాలి ఆ గుంపులో దూరదు, చుట్టూ తిరిగి పోతుంది. ముందున్నది వెనకున్నదానికి చాటు. ఒక్కోదానికి తగిలే ఈడ్పు తగ్గిపోతుంది. అవి పైకి పోలేక కిందికి జారి, గొట్టం అడుగున పోగుపడతాయి. అక్కడ గేజీ ముల్లు లేస్తుంది. లేవకపోతేనే అబద్ధం.

నా మోడల్‌లో రేణువులు ఒకదాన్నొకటి అంటుకోవు. అలా రాసింది నేనే.

ఉండలు కట్టే రేణువులతో మళ్ళీ లెక్క రాశాను. మా ల్యాబ్‌లో కరెంటుకీ జనరేటర్‌కీ మధ్య ఆ లెక్క నడవడానికి ఐదు రోజులు పట్టింది. ఆరో రోజు మధ్యాహ్నం కొత్త గీత వచ్చింది. వంగుతూ వెళ్ళి ఆ మూడు చుక్కల్నీ ముట్టుకుంది. కుర్చీలోంచి లేచి గంతేశాను. వెంటనే కూలబడ్డాను కూడా. మూడేళ్ళలో నా పనిలో దొరికిన మంచి సంగతి అదొక్కటే, దాన్ని నేను చిన్న అక్షరాల్లో తొలగించి పారేశాను.

ప్రొఫెసర్ ఫాగ్బెమి ముందు రెండు గ్రాఫులూ పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"బాగుంది. ఇది తర్వాత పేపర్‌గా రాద్దువుగాని. థీసిస్ ఇప్పుడున్నట్టే ఇచ్చెయ్. కింద ఫుట్‌నోట్ పెట్టు."

"ఫుట్‌నోట్ ముందే పెట్టాం సార్. తప్పు అక్కడే ఉంది."

"మిగతా చాప్టర్లన్నీ మళ్ళీ రాయాలి. గడువు దాటితే ఉద్యోగం పోతుంది, అకిన్. తెలుసుగా?"

"తెలుసు సార్."

"ఇంకో ఏడాది నాకు చాకిరీ చెయ్యాలి."

"దానికే కొంచెం భయంగా ఉంది సార్."

ఆయన నవ్వలేదు. డెబ్భై ఒకటో పేజీ తీసి చూశారు. "ఈ టిక్కు నాదేనా?"

"మీదే సార్."

పేజీ మూసి పక్కన పెట్టారు. "ఒకరి పేరు చెడగొట్టి, ఒక్కడివే వెళ్ళి క్షమించమంటే అది కుర్రతనం. పెద్దవాణ్ణి వెంటబెట్టుకెళ్ళి, వాళ్ళ పెద్దవాళ్ళ ముందు అడగాలి. మీ నాన్న ఎక్కడో ఒండోలో ఉన్నాడు. నేనొస్తాను. చెప్పాలంటే నేను రావలసిన వాణ్ణే. శనివారం పెట్టుకో, ఆ రోజు నాకు ఒక బారసాల కూడా ఉంది, అటునుంచి అటే పోదాం. కాస్త మంచి బట్టలు వేసుకో."

శనివారం మధ్యాహ్నం ప్రొఫెసర్ బారసాల నుంచి నేరుగా వచ్చారు. ఆకాశం రంగు పెద్ద అంగీ, తల మీద కుచ్చుటోపీ. నేను ఇస్త్రీ చేసిన తెల్ల జుబ్బా వేసుకున్నాను. పెద్దల ఇంటికి వట్టిచేతులతో వెళ్ళకూడదని వాళ్ళావిడ కారు డిక్కీలో మూరెడు పొడవున్న యామ్ దుంపలు ఐదు పెట్టి పంపించింది. మా ఇద్దరిలో ఒక్కరికీ ఏమీ తోచలేదు. చదువుకున్న మగవాళ్ళం కదా.

మా యోరుబా వాళ్ళలో శనివారం పూట, పెద్దంగీ వేసుకున్న పెద్దమనిషి, తెల్లబట్టల కుర్రాడు, ఐదు యామ్ దుంపలు ఒక ఆడపిల్ల ఇంటిముందు దిగితే దానికి ఒకటే అర్థం. ఆ అర్థం వీధి మొదట్లోనే అందరికీ తెలిసిపోయింది. కారు ఆగేసరికి మోరాయో అమ్మ గుమ్మంలో ఒక్క క్షణం కనబడి, తలకి మంచి గుడ్డ చుట్టుకోవడానికి లోపలికి పరిగెత్తింది. పక్కింటి ఆడవాళ్ళు కుర్చీలు మోసుకొచ్చారు. ఎవరో దుంపలందుకుని గది మధ్యలో వరసగా పేర్చారు.

నేను అనుకున్నది అనుకున్నట్టు గుమ్మం దాటగానే నేలమీద బోర్లా పడుకుని సాష్టాంగ నమస్కారం చేశాను. క్షమాపణ అడిగేవాడు చేసేది అదే. పెళ్ళికొడుకు చేసేదీ అదే.

"అబ్బ, ఎంత పొడుగున్నాడో!" అందొక గొంతు. "నేల సరిపోలేదు."

మోరాయో పెద్దమ్మ గొంతు సవరించుకుంది. "దారి అడిగి వచ్చారో, వెతుక్కుంటూ వచ్చారో, ఎలా వచ్చినా మంచికే వచ్చారు. మరి మా తోటలో ఏ పువ్వు కంటబడిందో పెద్దాయన చెప్పాలి."

ప్రొఫెసర్ ఫాగ్బెమి తన జన్మలో ముప్ఫై నలభై సంబంధాలకి పెద్దరికం వహించిన మనిషి. ఆ ప్రశ్న చెవినపడితే జవాబు ఆయన నోట్లోంచి తనంతట తానే వస్తుంది.

"ఎన్నో తోటలు చూశామమ్మా," అన్నారు గంభీరంగా. "ఇలాంటి పువ్వు ఇంకెక్కడా లేదు. దాన్ని చూసిన దగ్గర్నించి మావాడు తిండీ నిద్రా మానేశాడు. మీరు దయతలిస్తే..."

అప్పుడు ఆగారు. నేను నేలమీంచి తల తిప్పి ఆయన్ని చూశాను. ఆయన దుంపల్ని చూశారు. ఆయన ముఖంలో రంగు మారింది.

"అలవాటు," అని నాకు మాత్రం వినపడేలా గొణిగారు.

అప్పటికే ఎవరో పాట అందుకున్నారు. మోరాయో అమ్మ తలగుడ్డ సర్దుకుంటూ వచ్చి, "ఏమే మోరాయో! కన్నతల్లికి ఒక్క ముక్క చెప్పాలని లేదుటే నీకు!" అని లోపలికి కేకేసింది.

మోరాయో బయటికొచ్చింది. సగం తల జడలల్లి ఉంది, సగం విరబోసి ఉంది, విరబోసినదాంట్లో దువ్వెన గుచ్చి ఉంది. దుంపల్ని, ప్రొఫెసర్‌ని, నేలమీదున్న నన్ను వరసగా చూసింది. పాట ఆగిపోయింది.

"ఏమిటిదంతా?"

"క్షమాపణ," అన్నాను.

"నేలకి చెప్తున్నారా, నాకు చెప్తున్నారా?"

మోకాళ్ళ మీద లేచాను. నాలుగు రోజులుగా కూడబలుక్కున్నదంతా పోయింది. మిగిలిన ముక్క చెప్పాను.

"అమ్మా, పెద్దమ్మా, అందరూ వినండి. మోరాయో గారు దొంగ అంకెలు వేశారని నేను నా పుస్తకంలో రాశాను. ఆవిడ చూసినవే రాశారు. ఎందుకలా వచ్చాయో కూడా పక్కనే రాశారు. నేను చదవలేదు. నా లెక్క తప్పయి ఉంటుందనుకోవడం కంటే ఆవిడ అబద్ధమాడిందనుకోవడం నాకు సులువైంది. ఆ పేజీ తీసేశాను. ఎందుకు తీశానో కూడా రాశాను."

వాళ్ళమ్మ ముఖం గట్టిపడింది. "మా పిల్లని దొంగన్నావా బాబూ?"

"అన్నానమ్మా."

"నేను సరేనన్నాను," అన్నారు ప్రొఫెసర్, కుచ్చుటోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని. "తప్పులో సగం నాది."

పెద్దమ్మ నన్నూ, దుంపల్నీ, మళ్ళీ నన్నూ చూసింది. "అయితే ఇది పెళ్ళిమాటకి కాదా?"

పెళ్ళిమాటకే అని అబద్ధమాడేస్తే సరిపోయేది. ఇక నావల్ల కాలేదు.

"దానికి రాలేదు పెద్దమ్మా. ఆ మాటెత్తే ముఖం నాకు లేదు. కానీ సార్ నోరుజారి అన్నది మాత్రం నిజం. నాకు ఆవిడంటే ఇష్టం. వానల మొదటినుంచీ ఇష్టం. ఇలా చెప్పాలనుకోలేదు."

మోరాయో నా ముందుకొచ్చి నిలబడింది. చెయ్యి చాపింది. కొత్త చాప్టర్ ఇచ్చాను. అంతమంది మధ్య నిలబడే డెబ్భై ఒకటో పేజీ తీసి చదివింది. 'మొదటి మోడల్ తప్పు, రీడింగులు సరైనవి. ఉండకట్టడాన్ని మొదట గమనించి నమోదు చేసినవారు మోరాయో ఒయెలామి, ఫుడ్ టెక్నాలజిస్ట్.' అక్కడ ఆమె వేలు కాసేపు ఆగింది.

"గడువు?" అంది.

"నిన్నటితో అయిపోయింది."

"ఉద్యోగం?"

"ఈ ఏడాది లేదు."

"ఉద్యోగం కూడా లేదుటా?" అంది వాళ్ళమ్మ వెనకనుంచి. ఎవరో ఆవిణ్ణి ఊరుకోబెట్టారు.

మోరాయో పేజీ తిప్పి గ్రాఫు తీసింది. తేదీలు వేసిన అరవై చుక్కలూ వేలుతో వెతుక్కుంటూ పోయి ఒకచోట ఆగింది. ఆ మూడింటిలో ఒకటి కాదు. గీత మీద సరిగ్గా, ఇంత కూడా పక్కకి జరగకుండా కూర్చున్న చుక్క.

"ఇది కొట్టెయ్," అంది.

"ఇది బాగానే ఉంది కదండీ. నేను మిల్లులోనే ఉన్న రోజు, మీరు పైనుంచి చెప్పారు..."

"నువ్వు ఉన్నావు. అందుకే." నన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదలు. "ఆ రోజు నువ్వు కింద నిలబడి తల పైకెత్తి చూస్తున్నావు. ముఖమంతా పిండి. తుమ్మొస్తుంటే ఆపుకుంటున్నావు, నా అంకె ఎక్కడ వినపడకుండా పోతుందోనని. నేను గేజీ చూడలేదు. నిన్నే చూస్తూ ఉండిపోయాను. నువ్వు ఎంత అని అడిగేసరికి అరగంట ముందు చూసిన అంకే చెప్పేశాను."

ఆమె కాగితాన్ని నా వైపు తిప్పింది.

"ఆ పేజీ చదివి నాకంత కోపం ఎందుకొచ్చిందనుకున్నావు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాను. ఆ మూడూ నిజమే. నేను చూడకుండా చెప్పిన అంకె ఇదొక్కటే. నువ్వు నమ్మింది దీన్నే."

ప్రొఫెసర్ అంగీ జేబులో వెతికి ఎర్రసిరా కలం తీసి నా చేతికిచ్చారు. "కొట్టెయ్ నాయనా. యాభై తొమ్మిది చాలు."

ఆమె కాగితం పట్టుకుంది, నేను కొట్టేశాను. గీత వంకరపోయింది. ఆమె నవ్వుతోందని తల ఎత్తకుండానే తెలిసింది. ఎత్తి చూస్తే కళ్ళనిండా నీళ్ళు కూడా ఉన్నాయి.

"మీ చుక్కల సంగతి నాకు తెలీదు," అంది వాళ్ళమ్మ, చేతులు నడుం మీద పెట్టుకుని. "ఈ దుంపల సంగతి తేల్చండి. లోపల పెట్టమంటారా, కారెక్కించమంటారా? ఊరంతా గుమ్మంలో నిలబడి చూస్తోంది."

దుంపలు ఇంట్లోకి పోతే ఒప్పుకున్నట్టు, వెనక్కిపోతే కాదన్నట్టు. అది అక్కడ అందరికీ తెలుసు. అందరూ మోరాయోని చూశారు. ఆమె జుట్టులోంచి దువ్వెన తీసి, మళ్ళీ గుచ్చుకుని, దుంపల్ని లెక్కపెట్టుకుంది.

"రెండు లోపల పెట్టమ్మా. ఆ పేజీకి రెండు చాలు. మిగతా మూడూ ఈయన్నే పట్టుకెళ్ళమను. వాళ్ళ నాన్నని వెంటబెట్టుకుని మళ్ళీ తెస్తాడు."

పాట మళ్ళీ మొదలైంది. ఈసారి ప్రొఫెసర్ కూడా అందుకున్నారు.

దుంపలు డిక్కీలో పెట్టమని ఆయన రెండుసార్లు చెప్పారు. నేను వినలేదు. మూడింటినీ ఒళ్ళో పెట్టుకుని, తెల్ల జుబ్బా అంతా మట్టి చేసుకుని, అబెయోకుటా దాకా అలాగే కూర్చున్నాను.